పసుపు పూసిన చక్రాలు

“నవ్విపోతరు జనం! ముప్పై నాలుగేండ్ల ఇల్లాలు బొమ్మకారు పట్టుకొని జనగామల పోటీకి నిలబడ్డదంటే, రేపు గని కాడ నా మొహం యాడ పెట్టుకోవాలె?”

మహేశ్ అరుపుకు భూపాలపల్లిలోని ఆ రెండు గదుల క్వార్టరు దద్దరిల్లిపోయింది. వంటింటి గడపలో రజిత తల వంచుకుని నిలబడింది. కళ్లనిండా నీళ్లు... పోటీకి పేరిచ్చిన సంగతి భర్తకు తెలిసిపోయింది. అంతే, ఇల్లు అగ్గయిపోయింది!

బొమ్మకారట! మూరెడు పొడవు లేని ఆ కారు, చేతిలో రిమోట్ చెప్పినట్టల్లా విని తారుమీద బాణంలా దూసుకుపోతుంది. జనగామలో మోటార్ వైండింగ్ షాపు నడిపిన తండ్రి దగ్గర స్క్రూడ్రైవర్ పట్టడం నేర్చుకుని, కాలేజీ రోజుల్లో హైదరాబాద్ పోటీల్లో మగపిల్లలను వెనక్కి నెట్టి కప్పు తెచ్చిన పిల్ల రజిత! పెళ్లయిన రెండో ఏడే మామ కొండల్‌కు పక్షవాతం వచ్చింది. ఆ వారమే కారును పాతచీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఏడేళ్లు... ఒకటా, రెండా! ముద్ద కలిపి పెట్టింది, పక్క మార్చింది, కన్నతండ్రికి చేసినట్టే ఒళ్లు తుడిచింది. ఏనాడూ ‘నా కారు’ అని నోరు తెరిచి అనలేదు. మామ పోయి ఏడాది తిరిగాక, అటక దులుపుతుంటే ఆ మూట చేతికి తగిలింది. ఇంక మనసు ఊరుకుంటుందా, మీరే చెప్పండి!

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త సుగుణ తల ఎత్తింది. “మీ నాయినకు అది ఏడేండ్లు చాకిరి చేసిననాడు ఎవలు నవ్వలే. ఒక్క పొద్దు ఆడుకుంటే నవ్వుతరారా? పోనియ్యి. నేను తోలుకపోత.”

తల్లికి ఎదురు చెప్పలేక మహేశ్ మెలిక పెట్టాడు. “సరే! మొదటి మూడింట్ల వస్తే ఆడుకోమను. రాకుంటే కారు ఎవలకన్న ఇచ్చెయ్యాలె. మల్ల ఈ ఇంట్ల దాని పేరు తియ్యొద్దు!”

రజిత ఒకసారి కారు మూట వైపు చూసింది. అయినా తల ఊపింది.

ఆదివారం జనగామ శివారులో, ఫంక్షన్ హాలు ముందున్న తారు మైదానంలో పోటీ. ముగ్గురూ కలిసే వెళ్లారు. రిమోట్లు పట్టుకుని అందరూ నిలబడే ఎత్తైన ఇనుప వేదికను చూసి సుగుణ, “ఏందే, చేనుకాడి మంచెలెక్క ఉన్నది!” అని నవ్వింది. మొదటి చుట్టులో రజిత కారు మలుపుల్లో తడబడింది. రెండో చుట్టుకు వేళ్లకు పాత నడక గుర్తొచ్చింది. పొద్దుటి రౌండ్లలో రెండో స్థానం! ఫైనల్‌కు ఎనిమిది కార్లు మిగిలాయి.

పోటీ పెట్టిన వివేక్ నియమాలు చెప్పడానికి అందరినీ పిలిచాడు. రజిత కారును బల్లమీద పెట్టి వెళ్లింది. వచ్చేసరికి ఏముంది! నాలుగు చక్రాలకూ దట్టంగా పసుపు, పైన కుంకుమ బొట్లు. స్కూటర్ కొన్నా, ట్రాక్టర్ కొన్నా పూజ చేయనిదే బండి కదిలించని ఇల్లు వాళ్లది మరి!

“పసుపు రాలకుంట జరంత కొబ్బరినూనె కలిపిన” అంది సుగుణ. అంతలోనే గొంతు తగ్గిపోయింది. “నా చెయ్యితోని పెట్టొచ్చో, పెట్టొద్దో... ఏమనుకోవు గదా బిడ్డా?”

అయ్యో! రబ్బరు తారును కరిచి పట్టుకుంటేనే ఈ పందెం. నూనె తగిలిందా, మలుపులో జారుడే! అవతల స్టార్టుకు పిలుస్తున్నారు. చున్నీతో గబగబా తుడిచేయొచ్చు. కానీ మామ పోయినప్పటినుంచి పేరంటాల్లో పసుపుగిన్నెకు దూరంగా ఉంటున్న చెయ్యి అది! అత్త పెట్టిన పసుపు అత్త కళ్లముందే ఎలా తుడిచేది?

“మంచిగ పెట్టినవ్ అత్తమ్మా” అని కారు తీసుకుని వెళ్లిపోయింది.

మొదటి మలుపులోనే కారు గిర్రున తిరిగింది. ఒక్కొక్కరే దాటిపోయారు. ఎనిమిదో స్థానం! రజిత పళ్లు బిగించింది. నిండు పాలగిన్నెను దించినంత జాగ్రత్తగా ప్రతి మలుపూ తిప్పింది. తిరిగేకొద్దీ చక్రాల నూనె అరిగిపోయింది. ఏడు... ఆరు... ఐదు... నాలుగు! మూడో కారుకు జానెడు దూరంలో ఉండగా పందెం ముగిసింది.

నాలుగో స్థానం... అంతా అయిపోయింది! రజిత రిమోట్ ఆపేసి వేదిక దిగింది.

తనిఖీకి కారు ఎత్తిన వివేక్ ఆశ్చర్యపోయాడు. “అక్కా, ఇయ్యాల అందరికంటె జల్ది తిరిగిన చుట్టు నీ ఆఖరి చుట్టే! మరి ఇదేంది, టైర్ల పక్కలకు నూనె ఎవలు పూసిన్రు?”

“నేనే తమ్మీ... తెలువక పూసుకున్న.”

సుగుణ ఒక్క క్షణం కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కొంగు దోపి, వివేక్ చేతిలో మైకు గుంజుకుంది!

“ఇనుండ్రి! నా కోడలు అబద్ధమాడుతున్నది. నూనె పూసింది నేను! మొగడు పోయినదాని చెయ్యి అని నేనే ఎనకాడిన. నా పసుపు తుడిస్తే నాకు కష్టమైతదని, గెలిచే పందెం ఇడిసిపెట్టింది. నా బిడ్డ ఓడలే! నేను ఓడగొట్టిన!”

మైదానమంతా చప్పట్లే చప్పట్లు!

మహేశ్ మెల్లగా భార్య దగ్గరికి వచ్చాడు. గనిలో డంపర్ నడిపే మనిషి. చక్రం జారితే ఏమవుతుందో తెలిసినవాడు. “గా టైర్లతోని నేనైతే బండి స్టార్టే చెయ్యకపోదును రజితా...” అన్నాడు. గిరుక్కున వివేక్ వైపు తిరిగాడు. “తమ్మీ, వచ్చే నెల మానుకోటల పోటీ ఉన్నదన్నవ్ గదా? మా ఆమె పేరు రాయి. అందరికంటె ముందు రాయి!”

రజిత ఏడుస్తూనే అత్త రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

“మానుకోటల గుడ నువ్వే పసుపు పెట్టాలె అత్తమ్మా! నీ చెయ్యే కావాలె నాకు. గాని ఈసారి కారు నెత్తిన పెట్టు... చక్రాలు నాకు ఇడిసిపెట్టు!”