కలలో కాసిన గోల్

పొగమంచు ఇంకా వీడని ఆ పొద్దున, వదిన ఆఫీసు తలుపు తట్టిన అమ్మాయి లోపలికి వస్తూనే ఏడుపు లంకించుకుంది. మరిది గబగబా మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ఆ ఆఫీసులో ఆయన చేసే పనుల్లో ఇది ముఖ్యమైనది. అన్నయ్య భార్య పేరుమోసిన ప్రైవేటు డిటెక్టివ్ అని చెప్పుకోవడమంటే ఆయనకు గర్వం. ఆవిడ తనను అసిస్టెంటుగా పరిచయం చేస్తే మాత్రం ఆ పూటకు ఇక కాళ్ళు నేల మీద ఆనవు.

"ముందు కూర్చో తల్లీ. ఏం కొంప మునిగిందని?" అంది వదిన.

"నన్ను మా హాకీ జట్టులో పిచ్చుక అంటారండీ. రెండో గోల్‌కీపర్ని. నా కొంపే మునిగింది."

సంగతి ఇదీ. జట్టులో మొదటి గోల్‌కీపర్ని అందరూ ముద్దుగా దొరసాని అంటారు. పుట్టిందీ పెరిగిందీ పరాయి దేశంలో. అమ్మమ్మ ఈ గడ్డ మీద పుట్టిన మనిషి కాబట్టి ఆ దారిన ఆమెకు ఇక్కడి పౌరసత్వం వచ్చింది, జట్టు శిబిరంలోకి తీసుకున్నారు. ఇక్కడ ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయితే రాబోయే పోటీలకు ఒక నియమముంది. ఒక దేశం జెర్సీతో అసలు మ్యాచ్‌లో ఒక్కసారి మైదానంలో కాలు పెట్టినా సరే, ఇక ఇంకో దేశానికి ఆడటానికి వీల్లేదు. దొరసాని అక్కడి జట్టులో బెంచీ మీద కూర్చుందే గానీ ఆడలేదు. ఇప్పుడేమో ఆమె ఆడిందంటూ సెలెక్షన్ కమిటీకి ఎవరో వీడియో పంపారు.

"దొరసాని పోతే ఆ చోటు నాదే కదండీ. అందుకని పంపింది నేనేనంటున్నారు. సాయంత్రం జట్టును ప్రకటిస్తారు. ఈలోగా నిజం తేలకపోతే నన్ను గెంటేస్తారు. ఆ తర్వాత ఏ జట్టూ నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

"మీ ఇద్దరికీ పడదా?"

"భలేవారే! దానికి మన భాష నేర్పిందే నేను. తిట్లతో సహా."

వదిన నవ్వి, ఆ అమ్మాయి ఫోన్ అందుకుంది.

వీడియో చాలా చిన్నది. తడిసిన పచ్చటి మైదానం, పాలలాంటి మంచు, ఎక్కడో జనం కేకలు. నీలం రంగు విదేశీ జెర్సీ, కాళ్ళకు లావాటి ప్యాడ్లు, ముఖం కనిపించనివ్వని హెల్మెట్. ఆ గోల్‌కీపర్ నింపాదిగా నడిచివచ్చి, కర్రతో అటూ ఇటూ స్తంభాలను తట్టి, వెనక్కి తిరక్కుండానే మడమతో గోల్ వెనకున్న చెక్కను తన్నింది. హెల్మెట్ గోల్ పైకడ్డీకి జానెడు కిందుంది, అంతే. మంచులోంచి బంతి ఒకటి దూసుకొచ్చింది. ఆమె ఎడమకు జారి పాదంతో ఆపింది. కెమెరా మాత్రం కొయ్యలా ఒక్కచోటే ఉండిపోయింది.

"కలలా ఉంది వదినా," అన్నాడు మరిది.

"కలలో కూడా ఆటంటే ఇంకో పదిమంది కనబడతారు మరిదీ. పద."

శిబిరం మైదానంలో నీటిగొట్టాలు మెల్లగా తిరుగుతూ గడ్డిని తడుపుతున్నాయి. మంచూ తుంపరా కలిసిపోయి, అమ్మాయిలు పరుగెడుతుంటే నడుముల దాకానే కనిపిస్తున్నారు. మరిదికి ఏ లోకంలోకి వచ్చిపడ్డానా అనిపించింది. ఒక మూల బంతులు విసిరే యంత్రం తనలో తాను గొణుక్కుంటోంది. కుర్చీలో కాలు బార్లా చాపుకుని కోచ్ మేడమ్ కూర్చుంది.

"లేవలేనమ్మా, ఏమనుకోకు. మోకాలు వంగి రెండేళ్ళయింది," అంది.

పిచ్చుక గోల్ దగ్గరికి వెళ్ళింది. స్తంభాలను తట్టి, మడమతో చెక్కను తన్నింది. అచ్చం వీడియోలో లాగే.

"ఆ తన్నుడేమిటండీ?" అంది వదిన, ఏమీ ఎరగనట్టు.

"అది నేను కనిపెట్టిన విద్య! వెనక్కి చూడకుండానే గోల్ ఎంత దూరమో కాలికి తెలిసిపోతుంది. ఇంకెక్కడా నేర్పరు. నా పిల్లలైతే నిద్రలో కూడా తన్నేస్తారు."

మరిది వదినను పక్కకు లాగాడు. "వీడియో తీసింది ఇక్కడేనన్నమాట! అయ్యో పాపం, ఈ పిల్ల మెడకే చుట్టుకుంటోందే."

"నీ కంగారు బంగారం గానూ! ఆ పిల్ల పైకడ్డీకి ఎంత కింద ఉందో చూడు."

చూస్తే మూరెడుకు పైగా కింద ఉంది. మరిది నాలుక్కరుచుకున్నాడు.

దొరసాని సామాన్ల గదిలోంచి తల వంచుకుని వచ్చింది. వంచకపోతే గుమ్మం తగిలేంత పొడుగు.

"నీ పాత జెర్సీ ఎక్కడుందమ్మా?" అంది వదిన.

"అమ్మమ్మ ఇంట్లో, పెట్టె అడుగున. ఇక్కడికొచ్చాక బయటికే తియ్యలేదు."

"ఆ వీడియోలో ఉన్నది నువ్వేనా?"

"నేనే అనుకోండి. రూల్ పొమ్మంటే పోతాను." గొంతు తగ్గించింది. "పిచ్చుకను మాత్రం ఏమీ అనొద్దండి. పాపం, దానికేం తెలీదు."

అక్కడినుంచి అమ్మమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ పెరట్లో తీగ మీది బట్టలు తీసి మడతపెడుతోంది. చేతిలో నీలం జెర్సీ.

"చూడమ్మా దీని నిర్వాకం! తడిగుడ్డ ముద్దలా చుట్టి మంచం కిందకు తోసింది. కంపు కొట్టదూ? ఉతికి ఆరేశాను. తాటిచెట్టంత ఎదిగింది, ఏం లాభం?" ఆవిడ జెర్సీని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. "సాయంత్రం జట్టులో దాని పేరు చదువుతారు. పొద్దున్నుంచి నాకు ముద్ద దిగట్లేదనుకో."

వదిన ఆ జెర్సీ వంక ఒకసారి చూసి సెలవు తీసుకుంది.

మధ్యాహ్నానికి అందరినీ శిబిరం హాల్లో కూర్చోబెట్టింది. కమిటీ పెద్ద, కోచ్ మేడమ్, పిచ్చుక, దొరసాని, అమ్మమ్మ. కిటికీ అద్దాల మీద మంచు చెమ్మ పట్టి, వెలుతురు లోపలికి రావాలా వద్దా అన్నట్టు వస్తోంది.

"అయ్యా, ఇది మ్యాచ్ కాదు," అంది వదిన. "మ్యాచ్ తీసే కెమెరా బంతి వెంట తిరుగుతుంది. ఇది తిరగలేదు, ఎందుకంటే దాని వెనక ఎవరూ లేరు. బంతి కొట్టిన మనిషీ లేదు, యంత్రం విసిరింది. జనం కేకలు తర్వాత అతికించారు. ఇక మడమ తన్ను చూడండి. అది ఈ మేడమ్ దగ్గర తప్ప ఎక్కడా నేర్పరు. అంటే దొరసాని ఇక్కడికొచ్చాక, ఇక్కడే తీసిన వీడియో."

"అయితే ఆ ముసుగులో ఉన్నదెవరు?" అన్నాడు కమిటీ పెద్ద.

"మేడమ్ మోకాలు వంగదు, అలా జారలేదు. పిచ్చుక తల పైకడ్డీకి అంత దగ్గరికి రాదు. ఎప్పుడూ బయటికి తియ్యని జెర్సీ ఈమధ్యే తడిసి ముద్దయింది, పాపం పెద్దావిడ ఉతికింది." వదిన గొంతు మెత్తబడింది. "నీ మీద నువ్వే ఫిర్యాదు చేసుకున్నావు కదమ్మా, దొరసానీ? ఎందుకు?"

పిచ్చుక దిగ్గున లేచింది. "ఒసేయ్! నువ్వా?"

"నీ మీదకు వస్తుందనుకోలేదే, ఒట్టు!" దొరసాని భోరుమంది. "పగలు ఇక్కడి గోల్ కాస్తాను. నిద్రపోతే కలలో అక్కడి గోల్ కాస్తున్నాను. రోజూ అంతే. పోటీల్లో మన మొదటి మ్యాచ్ ఆ దేశంతోనే. చిన్నప్పటి నుంచీ నాతో ఆడినవాళ్ళు బంతి తీసుకొస్తుంటే నా కాలు ఆపుతుందో, దారి వదులుతుందో నాకే తెలీదు. ఆడనంటే అమ్మమ్మ తట్టుకోలేదు. రూల్ వద్దంటే మాత్రం ఎవరి తప్పూ కాదు కదా."

కమిటీ పెద్ద గొంతు సవరించుకున్నాడు. "వీడియో అబద్ధమైతే నువ్వు అర్హురాలివే. పిచ్చుక మీద మచ్చా లేదు. ఇప్పుడు నీ పేరు చదవమంటావా?"

దొరసాని మొదటిసారి అమ్మమ్మ కళ్ళలోకి చూసింది.

"వద్దండి. పిచ్చుక పేరు చదవండి. నేను అక్కడికే వెళ్ళి ఆడతాను."

అమ్మమ్మ లేచివచ్చి మనవరాలి చెంపలు తుడిచింది.

"పిచ్చిమొహమా, నాతో చెప్పకూడదూ? ఆ దేశంలో కాపురం చేసినన్నాళ్ళూ నా కలలన్నీ ఇక్కడివేనే. నీకు తప్పు, నాకు ఒప్పూనా?"

"మ్యాచ్ రోజు నువ్వొస్తావా అమ్మమ్మా? ఎవరికి చప్పట్లు కొడతావు?"

"బంతి నీ దగ్గరికి వచ్చినప్పుడు నీకు," అంది అమ్మమ్మ. "మిగతా ఆటంతా మావాళ్ళకి."