ఎవరి ఫైలుకి ఎవరి అనుమతి

"అమ్మా, నా బిల్లు నేను చూసుకోడానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలండి?"

తణుకు రైసుమిల్లు చంద్రరావు గారు ఫోనులో అడిగారు. కనుక్కుని చెప్తానంది హరిచందన. ఫోను పెట్టేసి, మిల్లర్లు తమ బిల్లులు దాచుకునే ఆ వెబ్‌సైటుకి కోడ్ రాసిన మహానుభావుడి వైపు తిరిగింది.

2005 జూలై. రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద ఆఫీసు, బయట వాన. ఉదయ్‌భాస్కర్ వానని చూస్తున్నట్టు నటిస్తూ కిటికీ అద్దంలో ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపుల్లో ఉన్న ధైర్యం నోట్లో కూడా ఉంటే ఎంత బావుండేదో అని ఆమె చాన్నాళ్లుగా విసుక్కుంటోంది.

"ఉదయ్ గారూ, ఇలా రండి. ఫైలు తెరవమంటే మీ కోడ్ ఏం చేస్తుంది?"

"ముందు ఫోల్డర్‌ని అడుగుతుందండి. తర్వాత పై ఫోల్డర్‌ని. ఆ తర్వాత గ్రూపుని, మేనేజర్‌ని, అడ్మిన్‌ని. అందరూ సరే అంటే..."

"ఫైలు ఎవరిదో వాళ్లని అడగదా?"

"అది చివర్లో ఉందండి. సెక్యూరిటీ కోసం."

"మధ్యలో ఒక్కరు కాదంటే ఓనరు గుమ్మం బయటే. బావుందండి మీ సెక్యూరిటీ. దొంగా రాడు, ఇంటాయనా రాడు."

ఉదయ్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

"మీకిది అలవాటే లెండి. నేను నచ్చానని మీ వదినగారికి చెప్పారు. ఆవిడ మీ మేనత్తగారికి, ఆవిడ మీ పెదనాన్నగారికి. ఆయన నిన్న మా నాన్నగారికి ఫోన్ చేసి ఈ వరసంతా వినిపించారు. కోనసీమలో సగం మందికి తెలుసు. పక్క కుర్చీలో ఉన్న నాకే తెలీదు."

ఉదయ్ చెవులు ఎర్రబడ్డాయి. "పద్ధతిగా ఉంటుందనండి..."

"పద్ధతా? భయం అనండి. నాన్నగారు ఈ సాయంత్రం జవాబివ్వాలి. నాకిష్టం లేదని చెప్పేయమన్నాను."

అనేసింది గానీ, ఆమెకే అనుమానం వచ్చింది. ఇష్టం లేకపోతే ఇంత కోపం ఎందుకు? కానీ అడగని మనిషికి అవునని ఎలా చెప్పడం?

ఉదయ్ వెళ్లి తన కుర్చీలో కూర్చుని కీబోర్డు అందుకున్నాడు. వదినకి మెయిల్ కొడుతున్నాడు కాబోలు అనుకుంది హరిచందన, మండిపోతూ. కాసేపటికి పిలిచాడు.

తెర మీద పేజీల కొద్దీ ఉన్న కోడ్ పోయింది. మిగిలింది రెండే ప్రశ్నలు. ఫైలు నీదేనా? అయితే తెరువు. కాకపోతే, ఎవరిదో వాళ్లు నిన్ను చూడనిచ్చారా? లేదంటే వెళ్లిపో.

చంద్రరావు గారి బిల్లు ఇట్టే తెరుచుకుంది.

"ఈ మాత్రం దానికి అంత రామాయణం రాశారన్నమాట," అందామె.

ఉదయ్ లేచి నిలబడ్డాడు. "చందన గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా? మీ నాన్నగారిని తర్వాత అడుగుతాను. ముందు మిమ్మల్ని అడగాలి."

ఆమె అతన్ని అలాగే నిలబెట్టి, ఫోనందుకుని ఇంటికి డయల్ చేసింది.

"నాన్నగారూ, వాళ్లకి ఇంకా ఏం చెప్పలేదు కదండి? అయితే సరేనని చెప్పండి. అబ్బాయి ఇప్పుడే నన్నడిగాడు."

అటునుంచి ఆమె నాన్న గోపాలకృష్ణమూర్తి గారు అడిగారు. "మరి ఇన్నాళ్లూ ఏం చేశాడమ్మా?"

హరిచందన ఉదయ్ కేసి చూసింది. ఈసారి నవ్వు ఆగలేదు.

"వాళ్ల వదినగారి దగ్గర్నుంచి పెదనాన్నగారి దాకా అందర్నీ అడుగుతున్నాడండి."