కోల్డ్ స్టోరేజీలో కూలిన టేబుల్

“ఇర్ఫాన్, లారీ గేటు దాటకూడదు. కమెండోలు వచ్చేదాకా ఆపు. ఓవర్!”

ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రభాకరరావు గొంతు ఆగింది. మండుటెండలో, కంప్యూటర్ మెకానిక్ వేషంలో, నరసరావుపేట శివారు కోల్డ్ స్టోరేజీలోకి అడుగుపెట్టాడు ఏజెంట్ ఇర్ఫాన్. ఎగుమతి మిర్చి లోడులో విదేశీ ముఠా డ్రోన్ బాంబులు దాచింది. కానీ గేటునూ తలుపులనూ నడిపే ముసలి సర్వర్‌లో ఏ కార్డుకు ఏది తెరుచుకోవాలో రాసుండే డేటా టేబుల్ చెడిపోయి, లారీ లోపలే ఇరుక్కుంది. మెకానిక్ కోసం కబురు పెట్టింది ముఠాయే!

మేనేజర్ శ్రీలేఖ ఎదురొచ్చింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాలో మన గూఢచారి, నకరికల్లు మిర్చిరైతు కూతురు అని ఫైల్లో ఉంది.

“మిర్చి తేజానా, బాడిగనా?” అడిగాడు.

“రెండూ కాదు. తాలు.”

కోడ్ సరిపోయింది. ఆమె వెంట, గడ్డకట్టే చలిలో ఉన్న సర్వర్ గదిలోకి వెళ్లాడు. తలుపుకు అడ్డం పెట్టిన ఇటుకను ఆమె పొరపాటున తన్నినట్టే తన్నింది. తలుపు ధడాలున మూసుకుంది. ఏ కార్డు చూపినా ఎర్రలైటే.

“టేబుల్ బాగైతేనే బయటపడేది. కానివ్వు,” అంది.

బాగుచేస్తే తలుపుతోపాటు గేటూ లేస్తుంది, లారీ పోతుంది. చేయకపోతే ఈ చలికి ఇద్దరూ కొయ్యబారిపోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇర్ఫాన్‌కి నిజంగానే భయమేసింది.

“లారీ సంగతేంది?”

“బస్తాలు ఇంకా ఎక్కిస్తన్నారులే. చానా టైముంది.”

కీబోర్డు మీద ఇర్ఫాన్ వేళ్లు ఆగిపోయాయి. పల్నాట్లో మిర్చి రైతుబిడ్డ టిక్కీలంటుంది కానీ బస్తాలనదు. ఈమెకు కోడూ యాసా మొత్తం బట్టీపట్టించిన ముఠావాడు ఆ ఒక్క మాట మర్చిపోయాడు. తెలిసినవాడు తెలియనట్టు ఉండాలి కదా, నోరు ఊరుకోలేదు.

“టిక్కీలు, మేడమ్!”

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన బుల్లెట్ మెరిసింది.

“తెలివి ఎక్కువైంది. రిపేర్ చెయ్!”

రిపేర్ కమాండ్ కొట్టాడు. ఫెయిల్. ఇండెక్స్ ఫైలు పూర్తిగా పాడైంది. మిగిలిన డేటాతోనే కొత్త ఇండెక్స్ కట్టమని ఇంకో కమాండ్ ఇచ్చాడు. వరసలు ఒక్కొక్కటే లేచాయి. చివర్లో మరో చిన్న లైను కొట్టి ఎంటర్ నొక్కాడు.

“అదేంది?”

“సరిచూసుకోవద్దా మేడమ్?”

తలుపు మీద పచ్చలైటు వెలిగింది. బయట లారీ ఇంజను గర్జించింది. శ్రీలేఖ నవ్వింది.

లారీ గేటు ముందు ఆగింది. హారన్. మళ్లీ హారన్. గేటు లేవలేదు. ఆమె గేటు కనబడే కిటికీవైపు తల తిప్పింది. అదే క్షణంలో ఇర్ఫాన్ ఆమె చెయ్యి మెలిపెట్టి లిప్‌స్టిక్ లాక్కున్నాడు. కమెండోల జీపులు లారీని చుట్టుముట్టాయి.

“రిపేరైందన్నట్టే కదా పచ్చలైటంటే!” పళ్లు కొరికింది శ్రీలేఖ.

“అయింది మేడమ్. పాత సర్వర్ కదా, ఒక్క వరస పోయింది. లారీ కార్డుది. మీ వరసంటారా, అది మొదట్నుంచీ బాగాలేదు.”