మామ చేతి పదును

ముందు మీరేం చూశారో చెప్పండి. ఆ రోజు వానకు వడ్రంగి షెడ్డు చూరు కింద నిలబడి, తలుపు సందులోంచి తొంగిచూసింది మీరు కాదూ? ఇద్దరు మనుషులు మిషన్ దగ్గర పెనుగులాడుతుంటే నవ్వుకుంటూ పోయారు. ఆ బావాబామ్మర్దుల వేళాకోళం ఎప్పుడూ ఉండేదేగా అనుకున్నారు. లోపల జరిగింది ఇప్పుడు వినండి.

మధ్యాహ్నం రెండు గంటలు. రేకుల మీద వాన ఒకటే మోత. మామగారు పోయి నెల దాటింది. షెడ్డు భారం అల్లుడు పొట్టిమేస్త్రీ మీద పడింది. చెక్కను చిత్రిక పట్టే మిషన్ మొద్దుబారిందని అతను మెయిన్ స్విచ్ ఆపాడు, బెల్టు ఊడదీశాడు, గిర్రున తిరిగే ఇనుప గుండుకు బిగించిన మూడు బ్లేడ్లూ విప్పాడు. రెండింటిని సానరాయి మీద నూనె పోసి నూరాడు. మూడోది అందుకోబోతే బామ్మర్ది చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది వద్దు బావా. నాన్న పోయే ముందురోజు పట్టిన పదును.”

“మూడూ ఒక్కసారే నూరాలిరా. మీ నాన్న ఆ మాట చెప్పి చెప్పి నా చెవులు తూట్లు పొడిచాడు.”

“ఆయన చేతి పనంటూ మిగిలింది అదొక్కటే. దాన్నీ అరగదీస్తావా?”

పొట్టిమేస్త్రీకి మనసు రాలేదు. దాన్ని నూరకుండానే మిగతా రెండింటితో పాటు గుండుకు బిగించాడు.

ఇక బ్లేడ్ల ఎత్తు చూడాలి. బల్ల మీద సన్నటి కర్రబద్ద పెట్టి గుండును చేత్తో మెల్లగా తిప్పితే, ఒక్కో బ్లేడూ దాన్ని గింజంత ముందుకు లాగాలి. మూడూ ఒకేలా లాగితే ఎత్తు కుదిరినట్టు.

టిక్. ఒకటి. టిక్. రెండు. టిక్. మూడు.

టిక్.

“నువ్వు కదిపావా?”

“నేనెందుకు కదుపుతాను? నీకు మూడు దాకా లెక్క రాదని అక్కతో చెబుతానుండు.”

మళ్లీ తిప్పాడు. మళ్లీ నాలుగు. నాలుగోసారి కర్ర కదిలిన చోట బ్లేడే లేదు, ఉత్త ఇనుము. బామ్మర్ది నాలుగు వేళ్లతో ఆ చోటు తడిమాడు. మెయిన్ ఆపే ఉంది. బెల్టు గోడకు వేలాడుతోంది. ఇంక భయమెందుకు?

“వెచ్చగా ఉంది బావా...”

గుండు తిరగడం మొదలైంది.

దానికి తొందరేం లేదు. చేత్తో తిప్పినట్టే, మెల్లగా... వేళ్లు బల్ల అంచుకూ గుండుకూ మధ్య చిక్కాయి. పొట్టిమేస్త్రీ గుండు చివర బెల్టు తగిలించే కప్పీని రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు. గోడకు కాళ్లు తన్నిపెట్టి లాగాడు. మొద్దులు మోసి మోసి కాయలు కాచిన చేతులవి. ఆగలేదు. అవతల నుంచి ఎవరో పట్టుకుని ఓపిగ్గా తిప్పుతున్నారు.

“లాగు బావా...”

“లాగుతున్నానురా...”

“నొప్పి లేదు. అందుకే భయమేస్తోంది.”

నూనె వాసన పోయింది. పచ్చి చెక్క వాసన వచ్చింది. మిషన్ కింద పొట్టు రాలుతోంది... తెల్లగా, ఉల్లిపొరంత పల్చగా.

“మామా, వదిలెయ్ మామా! నీ కొడుకు!”

గుండు ఒక్క క్షణం ఆగింది. విన్నట్టే ఆగింది. మళ్లీ తిరిగింది.

వాన వెలిశాక వదిలింది. రక్తపు చుక్క లేదు. నాలుగు వేళ్ల కొసలూ గోళ్లు లేకుండా, నున్నగా, సమానంగా...

అక్కడితో ఆగితే మీ వెంట పడేవాణ్ణి కాదు. మిషన్‌ను ముక్కలు చేసి పాత ఇనుముకు వేశారు. డాక్టరు చూసి, అసలు గాయమే లేదన్నాడు. అయినా తెల్లారేసరికి బామ్మర్ది పక్క మీద గుప్పెడు పొట్టు. పొట్టిమేస్త్రీ రోజూ స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. నిన్నటికి అరచెయ్యి అయిపోయింది. ఇప్పుడు నిద్ర మానుకుని ఆ మణికట్టును రెండు చేతులా బిగించి పట్టుకుని కూర్చుంటున్నాడు. బిగించిన గుప్పిట్లోంచే వెచ్చగా రాలుతోంది.

“బావా, ఎక్కడిదాకా?” అని వాడు అడుగుతున్నాడు.

కళ్లారా చూసిన మనుషులు మీరు. వాడికేం చెప్పమంటారు?