పైన పండు, కింద కాయ

1998లో మదనపల్లె టమాటా ఎంత విరగకాసిందంటే, బస్సులు ఆగడానికి వేరే ఎర్రలైటు అక్కర్లేకపోయింది. నమ్మనివాళ్లు మార్కెట్ యార్డులో అడగండి. అబద్ధమైతే వాళ్లే ఇంకాస్త కలిపి చెబుతారు. ఆ ఎరుపు మధ్య, తలపాగా చుట్టుకుని బాక్సు మీద కూర్చున్న రైతు నిజానికి గూఢచారి శాఖ చీఫ్ దొరస్వామి.

"సరుకు ఎట్లుండాది?" అన్నాడు చీఫ్.

"పైన పండు, కింద కాయ," అన్నాడు ఏజెంటు రెడ్డెప్ప.

బాక్సు బోర్లించి చూడనిదే బేరం ఆడని ఊరికి తగిన కోడ్ వర్డ్.

"మూడు యూనివర్సిటీలు కలిసి అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ సైన్సులో పీజీ కోర్సు పెట్టినాయి. పాఠాలు ఈడ, టెస్టింగ్ పుంగనూరులో, ఫర్నేసు కుప్పంలో. ప్రొఫెసర్ గంగాధరం ఉపగ్రహం యాంటెన్నాకు ఒక తీగ చేస్తాండాడు. విదేశీ ముఠా కన్ను దాని మీదుండాది. తీగ పోతే దొంగ ముద్ర ఆయనకే. నువ్వు స్టూడెంటువి. పేరు వరుణ్. ఊరు తెనాలి."

"నాది ఈ పక్కనే నిమ్మనపల్లె గదా సార్?"

"అందుకే నిన్ను పిలిచింది. ఈ నేల తెలిసినోడు కావల్ల. తెలిసినోడని తెలియగూడదు. క్లాసులో మన మనిషి ఇంకొకరుండారు. అదెవరో నీకు చెప్పను. నువ్వెవరో వాళ్లకూ చెప్పను."

అలా రెడ్డెప్ప వరుణ్ అయ్యాడు. 'అప్పా' అనే నోటికి 'అండీ' అలవాటు చేశాడు. శాఖ అతనికి గొప్ప గొప్ప గాడ్జెట్లు ఇచ్చింది. బూటు మడమలోని ట్రాన్స్‌మిటర్ పుంగనూరు చేరగానే కన్నడ పాటలు పట్టేది. పెన్నులో కెమెరా బాగానే పనిచేసేది కానీ, దాంతో అతని ఫొటో తీసే మనిషి లేడు. మదనపల్లె బస్టాండులో కండక్టరు "నిమ్మనపల్లె, నిమ్మనపల్లె" అని కేకేసినప్పుడల్లా తల తిప్పకూడదు. తిప్పలేదు. మెడ మాత్రం పట్టేసేది.

క్లాసువాళ్లలో అతని ఎదురుగా కూర్చుని తినేది ఒక్క కీర్తి. పెద్దమండ్యం పిల్లనని చెప్పింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్కూటీ మీద వచ్చిందంటే ఫర్నేసుకే చెమట పట్టేది. కుప్పం మెస్సులో జయమ్మ పొగలు కక్కే రాగి సంగటి పెడితే, కీర్తి వేళ్లు కాలుతున్నా లెక్కచేయక ముద్ద తుంచి పులుసులో ముంచేది. వరుణ్ తెనాలివాడిలా ముఖం చిట్లించి, లోలోపల పండగ చేసుకుంటూ మింగేవాడు.

"ఏమప్పా తెనాలి అబ్బాయా, గొంతు దిగతాండాదా?" అనేది జయమ్మ.

"అలవాటు అవుతోందండీ."

గంగాధరం ఒకరోజు చుట్ట చుట్టిన తీగను వేడి టీలో వేశాడు. అది తటాలున నిటారుగా సాగింది.

"దీన్ని ఎట్లయినా వంచు, వంగుతాది," అన్నాడాయన. "వేడి తగిలిందా, పుట్టిన రూపం గుర్తొస్తాది."

వరుణ్ ఆ వాక్యం రాసుకోలేదు. రాసుకోకపోయినా మరిచిపోలేకపోయాడు.

ఆఖరి ప్రాక్టికల్ రోజు తీగ మాయమైంది. అందరి సంచులూ టమాటా బాక్సుల్లా బోర్లించారు. దొరకలేదు. గంగాధరం మెస్సులో ఒక మూల కూర్చుని, తన కోసం రాబోయే పోలీసు జీపు చప్పుడుకు చెవి ఒగ్గాడు. జయమ్మ సంగటి వడ్డించింది.

"అమ్మా, స్పూనుండాదా?" అంది కీర్తి.

జయమ్మ చేతిలోని గరిటె గాల్లోనే ఆగింది.

"సంగటికి స్పూనా! పెద్దమండ్యం పరువు తీస్తివి గదే తల్లీ!"

"చెయ్యి కాలిందిలేమ్మా, ల్యాబులో."

వరుణ్ ఆ చెయ్యి చూశాడు. కాలిన మచ్చ లేదు. వేలికి పాములా చుట్లు తిరిగిన ఉంగరం ఉంది, నిన్నటిదాకా లేనిది. వేడి సంగటి తగిలితే ఆ పాము పడగ విప్పుతుంది! అతనికి అర్థమైంది. చూడనట్టు ఊరుకుంటే ఎదురుగా కూర్చునే మనిషి మిగులుతుందనీ అర్థమైంది. మూలనున్న గంగాధరం వైపు చూశాడు. తల తిప్పేసరికి ఎదుటి పీట ఖాళీ. బయట స్కూటీ చప్పుడు.

పెన్నూ బూటూ గదిలో ఉన్నాయి. చేతికందింది జయమ్మ టిఫిన్ క్యారియరూ, అందులో పొగలు కక్కే సంగటి ముద్దా, గోడవారనున్న సైకిలూ. ఆ సైకిలు జోరుకు దారిలోని గ్రానైటు రాళ్లు పక్కకు జరిగాయంటారు. నేను కాస్త తగ్గించే చెబుతున్నాను.

కుప్పం స్టేషన్లో మద్రాసు రైలు కదులుతోంది. కిటికీలోంచి ఒక తెల్లటి అరచెయ్యి చాచి ఉంది. కీర్తి అందులో ఉంగరం పెట్టింది.

"ఏయ్! యాడికి ఎత్తకపోతాండావురా!"

నోట్లోంచి తెనాలి ఎగిరిపోయింది. రెడ్డెప్ప ఆ అరచేతిలో సంగటి ముద్ద చరిచాడు. ఉంగరం కొరడాలా విచ్చుకుంది. పసందైన ఇంగ్లీషు మాట్లాడే ఆ విదేశీ ముఠా పెద్దమనిషి ఎవరికీ తెలియని తన తల్లిభాషలో కేకపెట్టి చెయ్యి విదిలించాడు. తీగ ప్లాట్‌ఫారమ్ మీద పడింది. రైలు అతన్ని తీసుకుపోయింది; జోలార్‌పేటలో పోలీసులు అరచేతికి వెన్న రాసి మరీ సంకెళ్లు వేశారు.

కీర్తి పారిపోలేదు. కళ్లద్దాలు తీసింది.

"పైన పండు, కింద కాయ," అంది.

చీఫ్ చెప్పిన రెండో మనిషి! ఇటు శాఖ జీతం, అటు ముఠా కూలి.

"నువ్వు ఈ పక్కోడివని నాకు మొదట్లోనే తెలుసప్పా," అంది. "తెనాలోడు సంగటి నములుతాడు. నువ్వు మింగినావు."

"తెలిసీ నీ వాళ్లకు యాల చెప్పలే?"

"చెప్పుంటే నా ఎదురుగా కూసోని తినేదెవరు?"

పోలీసులు వచ్చేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. క్యారియర్లో మిగిలిన సంగటి చల్లారింది. ఎవరూ ముట్టలేదు.

గంగాధరం తీగ గంగాధరానికి చేరింది. ఫలితాల్లో వరుణ్‌కు ఫస్ట్ క్లాస్ వచ్చింది. లేని మనిషి పట్టా శాఖ బీరువాలోకి పోయింది.

మార్కెట్ యార్డులో చీఫ్ మళ్లీ బాక్సు మీద కూర్చున్నాడు.

"ఈసారి హిందూపురం. పేరు సుబ్రమణ్యం, ఊరు కాకినాడ. ఆడా సంగటే పెడతారు. ఈ తూరన్నా నమిలి తినడం నేర్చుకో."

రెడ్డెప్ప బస్టాండు వైపు చూశాడు. కండక్టరు నిమ్మనపల్లె కేక వేస్తున్నాడు.

"పళ్లు చెప్పినట్టు వింటాయి సార్," అన్నాడు. "గొంతే వినదు."