సున్నా దగ్గర ఒక తప్పు

ఉదయం 11:20.

సదానందం స్టేషన్ మెట్లెక్కాడు. కామత్‌ఘర్‌లో ఎనిమిది సాంచెల కార్ఖానా అతనిది. ఆ మరమగ్గాల దూది ఇంకా భుజం మీదే ఉంది. కూతురు నమ్రత కనిపించడం లేదు.

అతను తెచ్చిన ఈమెయిల్ ప్రింటు సబ్ ఇన్‌స్పెక్టర్ ఆర్తి చదివింది. అది 9:12కు నమ్రత ఫోన్ నుంచి ఆమె పీహెచ్‌డీ గైడ్‌కు వెళ్లింది, ఆయన సదానందానికి పంపాడు. సాయంత్రం నాలుగింటి లెక్చరర్ ఇంటర్వ్యూకు రావడం లేదు, థీసిస్ నాలుగో అధ్యాయం తప్పు, నన్ను వెతకొద్దు.

అమ్మాయి ఇష్టపడే వెళ్లింది, ఫైలు మూసెయ్యమన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా బిడ్డ గట్ల పోయేది కాదు మేడం," అన్నాడు సదానందం. తెచ్చిన థీసిస్ కాపీని బల్ల మీద పెట్టాడు.

బానాక్ స్పేస్‌ల మధ్య బహుపదులు, వాటి సమ్మబిలిటీ, అంటే సమ్మింగ్ అనే గుణం వాటికి ఎక్కడెక్కడ ఉంటుందన్నది. ఆర్తి బీఎస్సీ మ్యాథ్స్ ఇక్కడ చాలదు. అయినా మొదటి పేజీ రెండుసార్లు చదివింది. మళ్లీ ఈమెయిల్ చూసింది. ఒక వాక్యం కింద ఎర్రగీత గీసి గైడ్‌కు ఫోన్ చేసింది.

12:50. ఇంటర్వ్యూకు ఎంపికైన మిగతా ఇద్దరూ పిలిపిస్తే వచ్చారు. ఇద్దరూ అదే గైడ్ విద్యార్థులు. పూనం, రాంప్రసాద్. పొద్దుటి నుంచి ఇంట్లోనే ఉన్నామన్నారు. ఆర్తి ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగింది. బహుపది సున్నా దగ్గర సమ్మింగ్ అయితే, అన్ని చోట్లా అవుతుందా?

పూనం కాదంది.

"అయితది మేడం. సున్నా కాడ చూస్తే సాలు," అన్నాడు రాంప్రసాద్.

నమ్రత ఎక్కడని అడిగితే తెలియదన్నాడు.

నమ్రత ఫోన్ చివరిసారి పలికింది శాంతి నగర్ టవర్ కింద. అక్కడి ఒక గల్లీలో రాంప్రసాద్ మేనమామది మూతబడ్డ కార్ఖానా ఉందని సదానందం చెప్పాడు. ఏ తలుపో తెలియదు.

2:10. గల్లీ ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. రెండు వైపులా సాంచెల మోత. తాళాలు వేసిన రేకు తలుపులు తొమ్మిది. లోపల మనిషి గొంతు చించుకున్నా బయటికి రాదు. ఆర్తికి గోడలు మీదికి జరుగుతున్నట్టుంది. ఎన్ని గంటల నుంచి అరుస్తోందో ఆ పిల్ల.

సాంచెలు ఆపించమంది. నడిచే మగ్గాలు ఆపడమా అని కార్ఖానాల సేట్లు గొణిగారు. సదానందం గడప గడపకూ పోయి చేతులు జోడించాడు. ఒక్కొక్కటే ఆగింది. చివరిది ఆగేసరికి 2:31.

నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

ఎక్కడో ఇనుము మీద ఇనుము. టక్. టక్. ఆరో తలుపు.

కానిస్టేబుల్ భీమ్‌రావు తాళం పగలగొట్టాడు. నమ్రత చేతిలో విరిగిన రాడ్డు ఉంది. అరచేతులు చీరుకుపోయాయి, గొంతు బొంగురుపోయింది. తండ్రిని గట్టిగా పట్టుకుంది. పాత పరిశోధన పేపరు జిరాక్స్ ఇస్తానని రాంప్రసాద్ పిలిచాడట. ఫోన్ లాక్కుని బయట తాళం వేశాడట.

3:15. స్టేషన్‌లో అందరినీ కూర్చోబెట్టి ఆర్తి ఈమెయిల్లోని ఆ వాక్యం చదివింది. "మిగతాదంతా సరైనదే, సున్నా దగ్గర సమ్మింగ్ కనుక అన్ని చోట్లా సమ్మింగే."

"లీనియర్ ఆపరేటర్లకు అది నిజం," అంది రాంప్రసాద్‌తో. "నీ ఆరేళ్ల పని వాటి మీదేనని మీ గైడ్ చెప్పారు. బహుపదులకు కాదు. నమ్రత థీసిస్ మొదటి పేజీలో ఉన్నదే అది తప్పని చూపే ఉదాహరణ. నిజమని నమ్మించడానికి ఒక లైను ఎక్కువ రాశావు. ఆ లైను ఆమె చచ్చినా రాయదు."

రాంప్రసాద్ తల దించుకున్నాడు. సాయంత్రం తాళం తీసేవాడిననీ, ఈసారి ఉద్యోగం రాకపోతే వయసు దాటిపోతుందనీ మెల్లగా అన్నాడు.

నమ్రత అతని వైపు చూడలేదు. ఫిర్యాదు కాగితం పక్కకు జరిపి ఆర్తిని ఫోన్ అడిగింది.

"సంతకం తర్వాత పెడ్త మేడం. ముందుగాల మా సార్‌కు చెప్పాలె, ఆ లైను నేను రాయలేదని."

అవతల గైడ్ చాలాసేపు మాట్లాడాడు. ఇంటర్వ్యూ రేపు పదకొండింటికి మార్చారట. నమ్రత వింటూ తలూపింది.

భీమ్‌రావు గాలికి కొట్టుకుంటున్న తలుపు వేయబోయాడు.

"వద్దు, అన్నా," అంది నమ్రత. "తెరిచే ఉండనియ్యి."