పదకొండు వేల అడుగులు

రెండువందల పన్నెండో చీటీ. బీపీ మాత్ర, రోజుకొకటి, ఉదయం పూట. సుభాషిణి బొటనవేలిని గాజుపలక మీద ఆనించింది. ‘ఈ రోగిని చూశాను. చీటీ చదివాను. ఆలోచించాను.’ పలక మీద మూడు వాక్యాలు పచ్చగా వెలిగి ఆరిపోయాయి. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు. నలభై దాటితే ఆమె పేరు పక్కన ఎర్రగీత పడుతుంది.

మందు రాసేది సూచని అనే యంత్రం. రోగి మణికట్టు పట్టీ పంపే అంకెలు చూసుకుని ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది అదే తేలుస్తుంది. అయితే మనిషి వేలిముద్ర లేనిదే ఏ మందూ గడప దాటకూడదని చట్టం. డాక్టరు రోగిని కళ్ళారా చూసే రాయాలన్న పాత నిబంధనను ఎవరూ కొట్టెయ్యలేదు. చూసేందుకు కావలసిన తీరికను మాత్రం కొట్టేశారు. అలా మిగిలినవాళ్ళే నిర్ధారకులు. జనం వాళ్ళని ‘వేలు డాక్టర్లు’ అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఉద్దానం తీరమంతటికీ అలాంటివాళ్ళు ఏడుగురు. సుభాషిణి వేలు అరిగిపోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది.

రెండువందల పదమూడు. లోకనాథం, అరవై రెండేళ్ళు. మూత్రపిండాలు రెండూ పోయాయి, ఇంట్లోనే యంత్రం రక్తం కడుగుతుంది. ఎముకలకు కాన్సరు పాకింది. ఆర్నెల్ల కింద తుంటి విరిగింది. వేదనాంకం: పదికి రెండు. నిన్నటి నడక: పదకొండు వేల అడుగులు. సూచని తీర్పు: ‘శమని చుక్కలు నిలుపుదల. రోగి కోలుకుంటున్నారు.’

సుభాషిణికి ముందు నవ్వొచ్చింది. తుంటి విరిగినవాడు పదకొండు వేల అడుగులు నడిచాడట. తర్వాత పాత చీటీలు తెరిచింది. ఆరు చుక్కలు, అయిదు, మూడు, ఒకటి. ఇరవయ్యారు వారాలుగా ఆ నొప్పి మందు మెట్లు దిగుతూ వచ్చింది. ప్రతి మెట్టు మీదా ఆమె వేలిముద్ర ఉంది. ‘చూశాను’ అని ఇరవయ్యారుసార్లు చెప్పింది. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

నలభై సెకన్లు దాటాయి. ఎర్రగీత పడింది. ఆమె లేచి చేతిపలక సంచీలో వేసుకుంది.

“ఎక్కడికమ్మా?” అన్నాడు గవరయ్య. సూచని రాకముందు నుంచీ ఆ కేంద్రంలో కంపౌండరు. ఇప్పుడు పలకలు తుడుస్తుంటాడు.

“రోగిని చూడ్డానికి.”

గవరయ్య తుడుస్తున్న పలక కింద పెట్టాడు. “ఇంకా నూటెనబై సీటీలున్నాయి మేడమ్‌గారూ. ఆల్ల మందులన్నీ ఆగిపోతాయి.”

“గంటలో వస్తాను.”

ఆటో జీడితోటల మధ్య మట్టిదారిలో ఆగేసరికే అరుపు వినబడింది. మొదట పశువేమో అనుకుంది. డ్రైవరు తల తిప్పకుండానే, “లోకనాదం బావు. పొద్దూ మాపూ ఇదే గోల” అన్నాడు. అంటే ఊరంతా వింటోంది. వినాల్సిన సూచనికి మాత్రం వినబడలేదు.

లోకనాథం భార్య దాలమ్మ అప్పుడే తోటలోంచి వచ్చింది. జీడిపిక్కల బుట్ట దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ చేతి మణికట్టుకు నీలం పట్టీ ఉంది. దాని మీద సన్నగా ‘2’ వెలుగుతోంది.

సుభాషిణి అరుగు మీద కూర్చుంది.

“దాలమ్మా, ఆ పట్టీ ఎవరిది?”

“ఆయనిదే అమ్మా. ఆయన ఎడంసెయ్యి సూదుల సెయ్యి. దానికి గాజు కూడా కట్టకూడదని మీవోలే కదా సెప్పినారు? కుడిసెయ్యి వాసిపోయి పుండైపోనాది. పట్టీ తీసేస్తే మందు ఆపేస్తామన్నారు. ఏటి సెయ్యాలి? ఆలూమొగుళ్ళం, ఒక ఇంట్లోవోలమే కదాని నాను కట్టేసుకున్నాను.” ఆమె గొంతు తగ్గింది. “తప్పేటమ్మా?”

రక్తం కడిగే చేతికి ఏదీ కట్టకూడదు. ఈ తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం అది. దాలమ్మ దాన్ని కళ్ళకద్దుకుని పాటించింది. పట్టీ తియ్యకూడదన్న నియమాన్నీ పాటించింది. రెండు నియమాలూ పాటించినందుకు, రోజంతా తోటలో నడిచే ఆమె గట్టి ఒంటిని సూచని ఆర్నెల్లు చదివింది. మంచంలో ఉన్న మనిషికి ఆ ఒంటిని చూసి మందు తగ్గించుకుంటూ పోయింది. ఒక్కసారి, ఒక్క మనిషి ఈ గుమ్మంలో తొంగిచూసి ఉంటే చాలు.

లోపల లోకనాథం మంచం పట్టెను కొరుకుతున్నాడు. చెక్క మీద పంటిగాట్లు వరసగా ఉన్నాయి, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి. సుభాషిణి అతని నాడి పట్టుకుంది, ఊపిరి లెక్కపెట్టింది, వీపు కింద చెయ్యి పెట్టి చూసింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె వేళ్ళు ఒక మనిషిని తాకాయి.

చేతిపలక తెరిచి ‘అంకె తప్పు’ నమోదు చేసింది. పలక అడిగింది: ‘తప్పు ఎవరిది? రోగి పక్షం. నిర్ధారకుల పక్షం.’

మొదటిది నొక్కితే సుభాషిణికి ఏమీ కాదు. పట్టీ మార్చినందుకు ఈ ఇంటికి ఏడాది పాటు మందులు బంద్. రెండోది నొక్కితే పాత అంకె రద్దై, కళ్ళారా చూసిన డాక్టరు మాట మీద మందు వస్తుంది. ఆ తర్వాత విచారణ ఉంటుంది.

దాలమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకు అప్పటికే సంగతి అర్థమైపోయింది. “అయితే ఆయన్ని ఆర్నెల్లు ఏడిపించింది నానేనా అమ్మా?”

“కాదమ్మా. నీ చెయ్యి కాదు, నా వేలు” అంది సుభాషిణి. రెండోది నొక్కింది.

తర్వాత ఆమె మందు రాసింది. వెనకటి ఆరు చుక్కలు రాయలేదు. మందు అలవాటు తప్పిన ఒంటికి పాత మోతాదు ఒక్కసారే ఇస్తే ఊపిరి ఆగిపోతుంది. రెండు చుక్కలు, ఎనిమిది గంటల ఎడం. లేపినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి పదికి తగ్గితే, రెండో మోతాదు వెయ్యకూడదు, వెంటనే ఫోన్ చెయ్యాలి. దుకాణంలో దొరికే నొప్పి బిళ్ళ ఒక్కటి కూడా వద్దు. దాలమ్మ చేత మూడుసార్లు తిరిగి చెప్పించుకుంది. అంతా అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. వేలు ఆనించింది. ‘ఈ రోగిని చూశాను.’

మందు బయలుదేరినట్టు గంట మోగింది. వెంటనే మరో ప్రశ్న వెలిగింది: ‘ఇలా చూడకుండా వేసిన వేలిముద్రలు ఇంకెన్ని?’

ఒకటి అని రాస్తే మందలింపుతో పోతుంది. సున్నా అన్నా అడిగేవాడు లేడు. ‘అన్నీ’ అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మూడు రోజుల గడువు, ఆ లోపల డాక్టరు చూడని ప్రతి రోగికీ మందు ఆగిపోతుంది. ఇన్సులిన్ ఆగుతుంది, గుండె మాత్ర ఆగుతుంది. కొందరు చచ్చిపోతారు. అనకపోతే? ఈ తోటల్లో ఇంకెవరి పట్టీ ఇంకెవరి చేతికుందో ఎవరికీ తెలియదు. వాళ్ళూ చచ్చిపోతారు, కోలుకుంటున్నారన్న చీటీలతో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె ఏడవలేదు, ఏడిచే హక్కు తనకుందని కూడా అనిపించలేదు. మంచం పట్టె మీద పంటిగాట్లు చూసి ‘అన్నీ’ నొక్కింది.

పలక నల్లబడింది. నిమిషానికి ఫోన్ మోగింది.

“మేడమ్‌గారూ!” గవరయ్య గొంతు. “పలకలన్నీ ఆరిపోనాయి. పక్క కేంద్రాలోలూ ఫోన్లు సేస్తన్నారు, అందరి సెకన్లూ మీ సెకన్లలాగే ఉన్నాయని సూసని ఆల్ల పలకలూ ఆపేసిందంట. మూడ్రోజుల్లో నలబై వేలమందిని సూడాలంట. అయ్యే పనేనా?”

“కాదు” అంది సుభాషిణి.

“మరైతే?”

“సంచీ ఒకటి సర్ది తీసుకురా గవరయ్యా. బీపీ యంత్రం, ఉందిగా పాతది, అది కూడా. పక్కింటినుంచి మొదలెడదాం.”

మందుల డ్రోను వాకిట్లో చిన్న సీసా దించి వెళ్ళింది. దాలమ్మ పైకి లెక్కపెడుతూ రెండు చుక్కలు మొగుడి నాలుక మీద వేసింది. అరగంటకు అరుపు మూలుగైంది, మూలుగు ఊపిరైంది. ఆ నిశ్శబ్దానికి వీధిలో వాళ్ళు పోయాడనుకుని గుమ్మంలోకి వచ్చారు.

లోకనాథం కళ్ళు తెరిచాడు. మంచం పక్కనున్న కొత్త మనిషిని చాలాసేపు చూశాడు.

“ఎవులు?” అన్నాడు.

“డాక్టరమ్మ” అంది దాలమ్మ. “నిన్ను సూడ్డానికొచ్చింది.”

“ఇన్నాళ్ళకా” అని అతను మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.